మిషన్ తలుపుకు నేను అంటించిన కాగితం

బ్యాంకులో ఏం పని చేశారని ఎవరైనా అడిగితే, జనం డబ్బు జనానికే ఇచ్చే పని చేశానని చెబుతాను. నవ్వుతారు. నవ్వితే నవ్వనీ, జగిత్యాల, సిరిసిల్ల, కోరుట్ల ఊళ్లలో ముప్పై మూడేళ్లు నేను చేసింది అదే. గుమాస్తాగా చేరి ఆఫీసరుగా దిగాను. మధ్యలో ఏ ప్రమోషన్ ఎప్పుడొచ్చిందో, ఎవరు శాలువా కప్పారో మా ఇంట్లో గోడ మీది ఫొటోలు చెబుతాయి. ఇక్కడ ఆ గొడవ వద్దు.

ఇది రాయడానికి కారణం మా చెల్లెలి కూతురు సౌమ్య. ఈ మధ్యే పరీక్ష రాసి బ్యాంకులో చేరింది. చేరిన నెలకే ఒక ఆదివారం మా ఇంటికి వచ్చి కుర్చీలో కూలబడింది.

“పెద్దమ్మా, అందరి చేతుల ఫోన్లున్నయ్. పైసలు ఫోన్లనే పోతున్నయ్, ఫోన్లనే అస్తున్నయ్. ఇగ కౌంటర్ల కూసుండి నేనేం చెయ్యాలె?”

“పది రూపాయలు తక్కువ పడ్డయని ఎవలన్న అచ్చి అడుగుతున్నరా?” అన్నాను.

“రోజూ అడుగుతున్నరు. సిస్టమే కట్ చేసిందని చెప్తున్న.”

ఆ జవాబుకు నాకు కోపం రావాలి. రాలేదు, సిగ్గేసింది. అదే మాట నేనూ ఒకసారి ఒక ఆమెకు చెప్పాను. ఆ మాట వల్ల ఒక మంచి మనిషికి దొంగ అన్న పేరు వచ్చింది. ఆ సంగతి సౌమ్యకు ఆ రోజు చాయ్ తాగుతూ సగమే చెప్పాను. మిగతా సగం ఆమెకూ, ఆమెలా కొత్తగా బ్యాంకులో చేరినవాళ్లకూ చెప్పాలి కాబట్టి మొదటి నుంచీ రాస్తున్నాను.

జగిత్యాల: బెంచీ మీద అరగంట

మాది కొడిమ్యాల. మా నాన్న తాటిచెట్లెక్కి కల్లు గీసేవాడు. మా ఇంట్లో బ్యాంకు గడప తొక్కిన మొదటి మనిషిని నేనే, అదీ ఉద్యోగానికే. అందుకని మొదటి ఏడాది నాకు కాస్త టెక్కు ఎక్కువగా ఉండేది. చీర మడత నలగకుండా కూర్చుని, ఎవరేమడిగినా రెండే ముక్కలు చెప్పేదాన్ని.

ఒకరోజు మల్యాల నుంచి ఒక ముసలాయన పాస్‌బుక్ పట్టుకుని వచ్చాడు. ఖాతాలో కొంచెం డబ్బు తగ్గింది.

“గిది ఎందుకు తగ్గింది బిడ్డా?”

“సర్వీస్ చార్జీ తాతా.”

“గదంటే ఏంది?”

“చార్జీ అంటే చార్జీనే తాతా. పక్కకు జరుగు, ఎనుక లైనున్నది.”

ముసలాయన జరిగాడు. కానీ మా మేనేజర్ రంగారావు సార్ గది తలుపు ఎప్పుడూ తెరిచే ఉండేది. లేచి వచ్చి, నన్ను కౌంటర్ బయటికి పిలిచి, ఆ ముసలాయన పక్కన బెంచీ మీద కూర్చోబెట్టారు. “ఆయనకు సమజ్ అయ్యేదాంక లేవకు,” అన్నారు. నేను చెప్పాను. ఆయనకు అర్థం కాలేదు. ఇంకోలా చెప్పాను. కాలేదు. అరగంట పట్టింది. చివరికి ఆయనే పక్కనున్న ఇంకో రైతుకు, “ఖాతల గింత పైకం ఉంచాలెనట. నేను ఉంచలే. గందుకు కోసిన్రు,” అని చెప్పాడు. అప్పుడు సార్ నన్ను లేవమన్నారు.

ఆ రోజు బాత్రూంలోకి వెళ్లి ఏడ్చాను. అందరి ముందు బెంచీ ఎక్కించినట్టు అనిపించింది. సాయంత్రం సార్ పిలిచి అన్న మాట మాత్రం ఇప్పటికీ చెవిలో ఉంది.

“రూపాయి ఎందుకు కోసినవో ఆయనకు చెప్పలేకపోతే, గది కోసుడు కాదమ్మా, దొంగతనం. నువ్వు చేసినా, బ్యాంకు చేసినా గంతే.”

సార్ మంచివారే కానీ దేవుడేం కాదు. సెలవు అడిగితే మొహం మాడ్చేవారు, ఆడవాళ్లకు క్యాష్ ఇవ్వడానికి భయపడేవారు. అయినా ముప్పై మూడేళ్లలో నేను నేర్చుకున్న బ్యాంకింగ్ అంతా ఆ బెంచీ మీదిదే. విచారం ఏమిటంటే, నేర్చుకున్నది అవసరమైన రోజున మరిచిపోయాను.

సిరిసిల్ల: నూరు రూపాయల మనిషి

సిరిసిల్లకు బదిలీ అయ్యేసరికి బ్యాంకు గోడకు మిషన్ వచ్చింది. కార్డు పెట్టు, నాలుగంకెలు నొక్కు, డబ్బు తీసుకో. జనం మొదట భయపడ్డారు, తర్వాత మరిగారు. కొన్నాళ్లకు దానికీ ఫీజు మొదలైంది. నెలకు ఇన్నిసార్లు ఉచితం, అది దాటితే ప్రతిసారికీ కోత. మా బ్యాంకులో అప్పుడు ఐదుసార్లు. ఇప్పటి లెక్క వేరుగా ఉండవచ్చు, మీ మీ బ్యాంకుల్లో అడిగి తెలుసుకోండి. ఊహించి మాత్రం ఎవరికీ చెప్పకండి.

తంగళ్ళపల్లి నుంచి సైకిల్ మీద వచ్చి సాంచాల మీద, అంటే మరమగ్గాల మీద పనిచేసే కనకయ్య అనే ఆయన ఉండేవాడు. వారం కూలి ఖాతాలో పడేది. ఆయన రోజూ పని దిగి వచ్చి మిషన్‌లో నూరు రూపాయలే తీసేవాడు. నెల తిరిగేసరికి ఫీజులకే మూడు నాలుగు రోజుల కూరగాయల డబ్బు పోయేది. నేను చూసి చూసి ఒకరోజు ఆయన్ను ఆపాను.

“కనకయ్యా, వారానికొక్కసారి తియ్యి. గంతంత ఫీజు ఎందుకు కడుతున్నవ్?”

ఆయన తల గోక్కున్నాడు. “జేబుల వెయ్యి ఉంటే వెయ్యి ఖతం అయితది మేడం. నూరుంటే నూరే. కల్లు కంపౌండు నా తొవ్వలనే ఉన్నది, నేనేం చెయ్యాలె?”

కల్లు గీసిన చేతుల మీద పెరిగినదాన్ని, ఏమనను? తిడదామనుకుని నవ్వేశాను. తర్వాత వారం భార్యను తీసుకురమ్మన్నాను. కూలి పడిన రోజు ఇద్దరూ కలిసి రావాలి, ఒక్కసారే తీయాలి, బ్యాంకు బెంచీ మీద కూర్చుని ఆమె కొంగులో కట్టుకోవాలి, ఆయన నూరు పట్టుకుని పోవాలి. ఒప్పందం అదీ. మొదటి వారం ఆయన రెండు వందలు అడిగాడు. భార్య నా వైపు చూసింది. నేను కనకయ్య వైపు చూశాను. నూరుతోనే పోయాడు. అప్పుడప్పుడు తప్పినా, నేనక్కడ ఉన్నంతకాలం చాలావరకు సాగింది.

అది ఊళ్లో పాకింది. ఎవరికి కోత పడినా, “ఫీజుల మేడం దగ్గరికి పో,” అనడం మొదలుపెట్టారు. పరాయి బ్యాంకు మిషన్‌లో తీయొద్దని, నెలకు కావలసింది రెండుసార్లలో తీసుకొమ్మని, బ్యాంకు తెరిచి ఉంటే ఫారం రాసి కౌంటర్‌లోనే తీసుకొమ్మని, కిరాణా కొట్టులో కార్డు గీకగలిగితే మిషన్ జోలికే పోవద్దని చెప్పేదాన్ని. మంచి సలహాలే. కానీ అందరూ మేడం మేడం అంటుంటే మనిషికి తలకెక్కుతుంది. ఫీజుల గురించి నాకు తెలియనిది లేదనుకున్నాను. కోరుట్లకు ఆ టెక్కుతోనే వెళ్లాను.

కోరుట్ల: బీడీ దారంతో కట్టిన కార్డులు

కోరుట్ల పక్కన ఒక ఊరి వాడ నుంచి సారమ్మ వచ్చేది. బీడీలు చేసే మనిషి, నలభై దాటిన వయసు. భర్త లేడు, సెంటు భూమి లేదు. నెలకు రెండుసార్లు, పింఛన్ పడ్డప్పుడొకసారి, బీడీల కూలి పడ్డప్పుడొకసారి, మధ్యాహ్నం ఎండలో మిషన్ ముందు నిలబడేది. చేతిలో పదిహేను కార్డులు. తనదొకటి, వాడలో ఆడవాళ్లవి పద్నాలుగు. అన్నీ బీడీలు కట్టే దారంతోనే కట్ట కట్టి ఉండేవి.

చూసిన మొదటి రోజే పట్టుకుని అరిచాను. పరాయివాళ్లకు కార్డు ఇవ్వకూడదు, నంబరు చెప్పకూడదు, అది రూలు. ఇప్పటికీ ఆ రూలు సరైనదే, మీరూ అదే చెప్పండి. కానీ చెప్పేముందు ఎందుకు ఇస్తున్నారో అడగండి. నేను అరిచిన తర్వాత అడిగాను.

“ఒక్కొక్కలు అస్తే ఒక్కొక్కలకు బస్సు కిరాయి అయితది, ఒక్క దినం బీడీలు పోతయ్ మేడం,” అంది సారమ్మ. “పదిహేనుమంది దినాలు పోవుడుకన్న నాదొక్కదానిది పోవుడు మంచిది గదా. నా బీడీలు వాళ్లు తలా ఇన్ని చేసి నా చాటల ఏస్తరు.”

“మరి గన్ని నంబర్లు ఎట్ల యాదికుంటయ్? యాడన్న రాసిపెట్టినవా?”

“నాకు రాసుడత్తదా మేడం?” నవ్వింది. “ఇల్లు యాదికుంటే నంబరు యాదికున్నట్టే. ఒకామెకు ఇద్దరు కొడుకులు, ముగ్గురు బిడ్డలు, పెనిమిటి లేడు, ఒక్క బర్రె. రెండు, మూడు, సున్న, ఒకటి. గిదేమన్న మర్సిపోయే ముచ్చటనా?”

వాడలో అందరి నంబర్లూ అలా పెట్టించింది తనే. ఎవరి కార్డు ఎవరిదో తెలియడానికి అంచున ఒక్కొక్క రంగు దారం చుట్టింది. నేను బ్యాంకులో చాలామంది తెలివైనవాళ్లను చూశాను, సారమ్మ వాళ్లలో పై వరసలో ఉంటుంది. రూలు చెప్పడం నా వంతు, చెప్పాను. ఆమె వినడం ఆమె వంతు, విన్నది. ఆ తర్వాత ఇద్దరం ఎవరి పని వాళ్లం చేసుకున్నాం.

కాగితం

అక్కడి మిషన్ ముందు రోజూ గొడవే. ఖాతాలో ఎంత ఉందో తెలియకుండా జనం పెద్ద అంకె నొక్కేవారు. మిషన్ లేదనేది. మళ్లీ నొక్కేవారు. అలా విఫలమైన ప్రతిసారికీ కోత పడుతుందని నాకు తెలుసు. ఫీజుల మేడంను కదా! ఒక తెల్ల కాగితం తీసుకుని, లావు స్కెచ్ పెన్నుతో గుండ్రంగా రాసి మిషన్ గది తలుపుకు అంటించాను.

ముందు బ్యాలెన్స్ చూసుకోండి. తర్వాతే డబ్బు తీయండి.

మేనేజర్ మెచ్చుకున్నాడు. గొడవ తగ్గింది. చదువు రాని సారమ్మకైతే నేనే నోటితో చెప్పాను. “ముందు చూస్కో సారమ్మా, పైసలు పడ్డయో లేదో. తర్వాత తియ్యి.” ఆమె నా మాట తూచా తప్పకుండా పాటించింది. ఇంకొక అడుగు ముందుకు కూడా వేసింది. డబ్బు తీశాక మళ్లీ బ్యాలెన్స్ చూసి, ఆ చీటీ తీసుకుని, ఒక్కొక్కరి డబ్బుకు ఒక్కొక్క చీటీ చుట్టి తీసుకెళ్లేది. పైసలు ఇంతే తీశాను, మీ ఖాతాలో ఇంత మిగిలింది, చూసుకోండి అని.

నాకు తెలియనిది ఒకటే. మిషన్‌లో బ్యాలెన్స్ చూసినా అది ఒకసారి వాడినట్టే లెక్క. ఉచితంగా ఇచ్చే ఐదుసార్లలోంచి అదీ తగ్గుతుంది. ఈ సంగతి చెప్పే సర్క్యులర్ నా టేబుల్ మీదకు వచ్చింది. చదివాను అని సంతకం పెట్టాను. చదవలేదు.

పోశవ్వ అడిగిన ప్రశ్న

కొన్ని నెలలకు వాడ నుంచి పోశవ్వ వచ్చింది. సారమ్మకు ఎదురింటి మనిషి, వయసులో పెద్ద, నోరు గట్టిది. పదో తరగతి చదివిన కోడలు చీటీలన్నీ పక్కపక్కన పెట్టి చూసిందట. ఒక చీటీలో మిగిలిన డబ్బుకు తర్వాత పడ్డది కలిపి, తీసింది తీసేస్తే, తర్వాత నెల చీటీలో పది రూపాయలకు అటూ ఇటూగా తక్కువ వస్తోంది. ఆ రోజు పింఛన్ల రద్దీ, కౌంటర్ ముందు గుంపు. నాకు ఊపిరి ఆడటం లేదు.

“గీ పది రూపాయలు ఏడికి పోయినయ్ మేడం?”

పాస్‌బుక్ మీద ఒక చూపు వేశాను. “మిషన్ల నెలకు ఐదుసార్లే ఫ్రీ. దాటితే సిస్టమే కట్ చేస్తది.”

“మేము పంపేది నెలకు రెండుసార్లే గదా?”

“దాటింది కాబట్టే కట్ అయింది పోశవ్వా. జెర జరుగు.”

ఆమె జరిగింది. కానీ వెళుతూ వెళుతూ ఒక్క క్షణం ఆగి నా మొహంలోకి చూసింది. ఆ చూపు ఏమిటో నాకు అప్పుడు తట్టలేదు. మేం పంపింది రెండుసార్లు. కార్డు ఐదుసార్లు దాటి తిరిగింది. మరి మిగతా సార్లు కార్డు పెట్టింది ఎవరు? వాడకు పోయి ఆమె అడిగిన ప్రశ్న అది. దానికి సాక్ష్యం బ్యాంకు మేడమే, అంటే నేనే.

తర్వాతి పింఛన్‌కు సారమ్మ రాలేదు. పద్నాలుగు మంది ఆడవాళ్లు వచ్చారు. ఒక్కరికీ మిషన్ చేతకాలేదు. ఒకామె కార్డు లోపలే ఇరుక్కుంది. ఇంకొకామె నంబరు మూడుసార్లు తప్పు నొక్కింది. బయటికి వెళ్లి సాయం చేస్తూ, సారమ్మకు జ్వరమా అని అడిగాను. ఒక చిన్న వయసామె మెల్లగా చెప్పింది.

“కార్డులు ఆమెకు ఇస్తలేం మేడం. ఎక్కువసార్లు పెట్టిందట. బిడ్డ మీద ఒట్టు పెట్టమన్నరు. తిననిదానికి నేనెందుకు ఒట్టు పెట్టాలె అన్నది. గప్పటి సంది ఎవ్వలు మాట్లాడుతలేరు.”

మిషన్ తాళాలు నా దగ్గరే ఉండేవి. దాని కడుపులో ఒక కాగితపు చుట్ట తిరుగుతూ ఉంటుంది, ఎవరు ఎప్పుడు ఏం నొక్కారో అందులో అచ్చవుతుంది. మధ్యాహ్నం మిషన్ గదిలోనే ఆ చుట్టలు ముందేసుకుని పోశవ్వ కార్డు వెతికాను. చూసింది, తీసింది, చూసింది. రెండు వారాల తర్వాత మళ్లీ చూసింది, తీసింది, చూసింది. మొత్తం ఆరు. మిగతా కార్డులూ అంతే. సారమ్మ సొంత కార్డుకూ అదే కోత పడింది. ఆ మాట ఆమె వాడలో చెప్పే ఉంటుంది, ఎవరూ నమ్మి ఉండరు.

తల ఎత్తితే అద్దం తలుపు మీద నా గుండ్రని అక్షరాలు వెనక నుంచి తలకిందులుగా కాకపోయినా, ఎడమ నుంచి కుడికి తిరగబడి కనిపించాయి. మన చేతిరాతను చూసి మనకే అసహ్యం వేయడం నాకు అదే మొదటిసారి, అదే చివరిసారి కూడా.

మేనేజర్‌కు చెప్పాను. “కాగితం చింపెయ్యండి మేడం, ఎవలకు చెప్పకుండ్రి,” అన్నాడు. “బ్యాంకుదే తప్పని మనమే చెప్తమా? పది రూపాయలకు గింత లొల్లి ఎందుకు?” అన్నాడు. చెడ్డవాడేం కాదు. పై ఆఫీసుకు భయపడే మనిషి. ఉద్యోగంలో నాకు తగిలిన బాసుల్లో సగం మంది అలాంటివాళ్లే, మీకూ తగులుతారు. వాళ్లతో పోట్లాడి లాభం లేదు, వాళ్ల అనుమతి కోసం ఆగడం కూడా దండగే. కాగితం చింపలేదు. మెల్లగా ఊడదీసి మడిచి బ్యాగులో పెట్టుకున్నాను.

ఆరో ఆకు

ఆదివారం బస్సెక్కి వాడకు వెళ్లాను. పోశవ్వ ఇంటి ముందు పందిరి కింద పది పన్నెండు మంది ఒళ్లో చాటలు పెట్టుకుని బీడీలు చేస్తున్నారు. నన్ను చూసి చేతులు ఆగాయి. ఎదురింటి గడప మీద సారమ్మ ఒక్కతే కూర్చుని ఉంది. ఆమె చేతులు ఆగలేదు. తల కూడా ఎత్తలేదు.

“సారమ్మా, ఇటు రా,” అన్నాను.

“ఈడికెల్లే ఇనబడుతది మేడం. చెప్పుండ్రి.”

బ్యాంకులోలాగా మాట్లాడితే పని కాదని నాకు రంగారావు సార్ ఎప్పుడో నేర్పారు. పోశవ్వ చాటలోంచి కత్తిరించిన తునికి ఆకులు ఐదు తీసి నేల మీద వరసగా పరిచాను.

“మిషన్ నెలకు ఐదు ఆకులు ముఫత్ ఇస్తది, అనుకోండ్రి. సారమ్మ పింఛన్‌కు అచ్చింది. పైసలు పడ్డయా లేదా అని చూసింది. ఒక ఆకు పాయె.” ఒకటి తీసేశాను. “పైసలు తీసింది. ఇంకోటి పాయె. మీకు చీటీ తేవాలె గదా, మిగిలింది ఎంతనో మళ్ల చూసింది. మూడోది పాయె. మళ్ల బీడీల పైసలకు అచ్చింది. చూసింది, తీసింది.”

నేల మీద ఆకులు లేవు.

“ఇగ మీకు చూపెట్టే చీటీ కోసం మళ్లొకసారి చూసింది. ఆకేది?”

బీడీలు చేసేవాళ్లకు అది రోజూ ఉండే బాధే. కంపెనీ ఇచ్చిన ఆకు చాలకపోతే దుకాణంలో సొంత డబ్బుతో కొనాలి. పోశవ్వ కోడలే ముందు అంది.

“కొనాలె.”

“గా ఆరో ఆకు పైసలే మీకు కోసింది. మీ పద్నాలుగు మందికి కోసింది, సారమ్మకు గూడ కోసింది. ఆమె ఒక్క రూపాయి తీస్కోలే.”

పోశవ్వ నమ్మలేదు. “చూసినందుకు పైసలా? పెండ్లి చూపులకు అచ్చినోళ్లకు మేమే చాయ్ పోస్తిమి. చూసినందుకు పైసలు గుంజుడు మీ బ్యాంకులనే చూస్తున్న!”

ఒకరిద్దరు నవ్వారు. నేను నవ్వలేదు. బ్యాగులోంచి కాగితం తీసి మడత విప్పి కోడలికి ఇచ్చాను. ఆ అమ్మాయి పైకి చదివింది. ముందు బ్యాలెన్స్ చూసుకోండి. తర్వాతే డబ్బు తీయండి.

“గది రాసింది నేను. చూస్కో అని సారమ్మకు చెప్పింది నేను. చూస్తే లెక్కల పడ్తదని నాకు తెల్వదు, తెల్సుకోవాల్సిన కాయితం టేబుల్ మీదికత్తె చదవలే. పోశవ్వ అడగవస్తే సగం జవాబిచ్చి ఎల్లగొట్టింది గూడ నేనే. తప్పు నాది.”

అప్పుడు సారమ్మ చేతులు ఆగాయి. చాట పక్కన పెట్టి లేచి వచ్చి నా ముందు నిలబడింది. కళ్లలో నీళ్లున్నాయి, గొంతులో మాత్రం లేవు.

“కాయితం రాసింది మీరు. మాట పడ్డది నేను. నెల దినాలాయె మేడం, పక్కింటోళ్లు నిప్పు గూడ అడుగుతలేరు.”

క్షమించమన్నాను. ఆమె క్షమించానని అనలేదు. అనవలసిన అవసరమూ లేదు.

బ్యాంకు ఆ డబ్బు వాపసు ఇవ్వదని తెలిసి, ఇంటి నుంచి నేనే చిల్లర తెచ్చాను. అందరికీ పంచాను. పోశవ్వ తనది రెండుసార్లు లెక్కపెట్టి కొంగున ముడి వేసుకుంది. “పది రూపాయల కోసం గాదు మేడం,” అంది. “ఏడికి పోయినయో తెల్వకపోతే మనిషి మీద మనిషికి అనుమానం అస్తది.” రంగారావు సార్ ఉంటే ఆమెను మేనేజర్ కుర్చీలో కూర్చోబెట్టేవారు.

ఇక మీదట పైసలు పడ్డాయో లేదో తెలియాలంటే ఫోన్‌లో మిస్డ్ కాల్ ఇవ్వాలని, మెసేజ్ వస్తుందని, దానికి పైసా పోదని కోడలికి నేర్పాను. బ్యాంకులో పదిహేను మంది ఫోన్ నంబర్లు నేనే ఎక్కిస్తానన్నాను. అంతా విన్నాక సారమ్మ తన షరతు చెప్పింది.

“ఇగ నేను చీటీలు తేను. పైసలు తెస్త. నమ్మితే కార్డియ్యుండ్రి. నమ్మకుంటే ఎవల కార్డు వాళ్లు పట్టుకపోండ్రి.”

పోశవ్వ మోకాళ్ల మీద చేతులు ఆనించి లేచింది. ఇంట్లోకి వెళ్లి ఎర్ర దారం చుట్టిన కార్డు తెచ్చి సారమ్మ చేతిలో పెట్టింది.

“నంబరు మార్పించిన,” అంది తల పక్కకు తిప్పుకుని.

“తెల్సు,” అంది సారమ్మ.

పోశవ్వ ఇటూ అటూ చూసి, సారమ్మ భుజం పట్టుకుని దగ్గరికి లాక్కుని, చెవిలో నోరు పెట్టింది. ఎవరైనా నంబరు చెబుతున్నప్పుడు, నొక్కుతున్నప్పుడు మర్యాదగా అటు తిరిగి నిలబడాలని మిషన్ వచ్చినప్పటి నుంచీ జనానికి చెబుతూ వచ్చాను. నేను అటు తిరిగి నిలబడ్డాను. వెనక నుంచి సారమ్మ నవ్వు వినిపించింది.

“ఓ వదినే, నన్ను గూడ మీ ఇంట్ల లెక్క పెట్టినవా?”